పేరంటానికి వెళ్ళిన స్వీడన్ నాట్యం

రాజమండ్రి

రైలు గోదావరి వంతెన ఎక్కగానే నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. మా అనంతపురం వాళ్ళకి అదొక జబ్బు. నీళ్ళు కనబడితే కుదురుగా కూర్చోలేం. పెన్నలో ఇసుక తప్ప ఇంకేమీ ఎరగని కళ్ళకి, ఎంతసేపు పోయినా అవతలి ఒడ్డు రాని నదిని చూపిస్తే మరేమవుతుంది? ఎదుటి సీటులో పెద్దాయన నా కంగారు చూసి, "మొదటిసారాండీ?" అని అడిగారు. అవునన్నాను. ఆయన జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టి, "వెయ్యండమ్మా, గోదారి తల్లికి" అన్నారు. వేశాను. ఆయన డబ్బుతో నేను మొక్కితే పుణ్యం ఎవరి ఖాతాలోకి పోతుందో అడుగుదామనుకునే లోపల స్టేషన్ వచ్చేసింది.

నా పక్కన ఇంగ్రిడ్ మాత్రం హాయిగా నిద్రపోతోంది. వాళ్ళ దేశంలో ఎటు చూసినా నీళ్ళేనట, నది చూడ్డానికి నిద్ర ఎందుకు పాడుచేసుకోవాలి!

ఇంగ్రిడ్ ఎవరో చెప్పాలి. స్టాక్‌హోంలో చాలా ఏళ్ళు బ్యాలే ఆడి, మోకాళ్ళు మొరాయించాక చిన్నపిల్లలకు నేర్పుతున్న మనిషి. యాభై దాటింది. మా ఊళ్ళో చెవిటి పిల్లల బడిలో కొన్ని నెలలు నాట్యం నేర్పడానికి వచ్చి మా వీధిలోనే గది తీసుకుంది. నేను కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతాను కనుక, తెలుగు అవసరమైన ప్రతిచోటికీ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది. కూరగాయల బేరం దగ్గర మొదలైన నా దుబాసీ ఉద్యోగం చివరికి గోదావరి జిల్లా దాకా వచ్చింది. ఇది తొంభైల చివరి మాట. చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని రోజులు.

సాయంత్రం ఘాట్ మెట్ల మీద కూర్చున్నాం. బజార్లో నాలుగు రూపాయలు పెట్టి తాగిన రోజ్‌మిల్క్ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. అప్పటిదాకా ముక్కలు ముక్కలుగా విన్న కథను ఇంగ్రిడ్ అక్కడ మొదటినుంచీ చెప్పింది. పందొమ్మిదో శతాబ్దంలో వాళ్ళ ఊళ్ళో అగస్టా అని ఒక నర్తకి ఉండేది. తండ్రి రాజుగారి గుర్రాలశాలలో పనిచేసేవాడు, తల్లి నలుగురి బట్టలు ఉతికేది. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రొట్టె తక్కువ. అందుకని ఏడేళ్ళ పిల్లను తీసుకెళ్ళి థియేటర్ వాళ్ళ నాట్య బడిలో చేర్చారు. అక్కడ ఏడాదికి ఇన్ని జతల చెప్పులు, చలికాలంలో ఇన్ని కొవ్వొత్తులు ఇచ్చేవారట. చెప్పులు అరిగేదాకా సాధన చేసి, మిగిలిన కొవ్వొత్తులు ఇంటికి పట్టుకెళ్ళేది. దేవకన్యల వెనక మబ్బులు పట్టుకుని నిలబడే వేషాలు వేసి వేసి, పద్దెనిమిదేళ్ళకు ముందు వరసలోకి వచ్చింది.

"కొవ్వొత్తులు అమ్మి తల్లికి చేపలు కొనేదట" అంది ఇంగ్రిడ్. ఆ మాట అంటూ ఎదురుగా వల విసురుతున్న పడవ వంక చూసింది.

ధవళేశ్వరం

మర్నాడు ధవళేశ్వరం బస్సులో నీటిపారుదల ఆఫీసులో పనిచేసే ఒకాయన మా ముందు సీట్లో కూర్చున్నారు. తెల్లమనిషిని చూడగానే ఆయనకు ఆనకట్ట చరిత్ర మొత్తం గుర్తొచ్చింది. ఏ కాలవ ఎటు పోతుందో, ఏ తూముకి ఎన్ని తలుపులో, ఆనకట్ట కట్టించిన దొర గుర్రం మీద ఎలా తిరిగేవాడో వరసగా చెప్పి, నన్ను అనువాదం చెయ్యమన్నారు. నేను చేశాను. ఇంగ్రిడ్ అంతా విని ఒకే ప్రశ్న వేసింది: "ఇది ఎప్పుడు కట్టారు?" ఆయన చెప్పారు. ఆమె ముఖం వెలిగిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అగస్టా పేరు మారుమోగిందట. ఇక్కడ కూలీలు రాళ్ళు మోస్తున్నప్పుడు, అక్కడ ఆమె నూనె దీపాల ముందు భారతదేశపు గుడి నర్తకి వేషం కట్టింది.

ఆ కాలంలో యూరప్‌లో గుళ్ళలో ఆడే మన స్త్రీల కథలంటే మహా మోజు. కథలు రాసినవాళ్ళలో చాలామంది ఇటువైపు తొంగి చూసినవాళ్ళు కూడా కారు. అగస్టా ముఖానికి ఏదో కాయ పసరు రాసి గోధుమ రంగు తెచ్చేవారు. తెల్లని మస్లిన్ గౌను మీద రేకు గాజులు, నెత్తిన నెమలి ఈక. ఆ వేషంలో ఆమె తన మనిషి కోసం ఎదురుచూసే ఘట్టం ఒకటి ఉండేది. కథ పాతబడి నాటకం ఆగిపోయినా ఆ ఒక్క ఘట్టాన్నీ అగస్టా తన శిష్యురాలికి నేర్పింది. ఆమె తన శిష్యురాలికి. అలా చేతులు మారి మారి ఇంగ్రిడ్ గురువు దాకా, అక్కడినుంచి ఇంగ్రిడ్ దాకా వచ్చింది.

"నేను ఈ శరత్కాలంలో దాన్ని మా ఊళ్ళో ఒక్కసారి ఆడతాను" అంది ఇంగ్రిడ్. "నా మోకాళ్ళకి ఇంకో ఏడాది ఓపిక లేదు. కానీ నాకొక భయం ఉంది. వంద మంది ముందు నేను చేసేది ఎవరినో వెక్కిరించడం అవుతుందేమో. ఆ నాట్యం నిజంగా ఎరిగిన మనిషి ఒక్కరు చూసి చెప్పాలి. తప్పంటే మానేస్తాను."

మేము వెళ్తున్నది ఆ ఒక్కరి కోసమే. మా కాలేజీ తెలుగు లెక్చరర్ సొంత ఊళ్ళో, గుళ్ళోనూ పెళ్ళిళ్ళలోనూ ఆడిన కుటుంబంలో పుట్టిన పెద్దావిడ ఉన్నారు. ఎనభై దాటాయి. ఊరంతా ఆమెను అమ్మమ్మగారు అంటారు. లెక్చరర్ గారి అన్నగారు వీర్రాజు గారు ఆ ఊళ్ళో రైతు. మా బస ఆయన ఇంట్లో.

తాపేశ్వరం మీదుగా

దారిలో తాపేశ్వరం దగ్గర దిగి కాజాలు కొన్నాం. కొరికితే పాకం గడ్డం మీదకి కారింది. ఇంగ్రిడ్ దాన్ని తుడుచుకోకుండా ఇంకొకటి తీసుకుంది. మా వైపు ఓళిగల మీద, అదే బొబ్బట్ల మీద, నాకెంత పక్షపాతం ఉన్నా, ఈ పూట నోరు మూసుకోవడమే మర్యాద అనిపించింది.

ఇక్కడి వాళ్ళ మర్యాద గురించి ఒక మాట చెప్పాలి. మా సీమలో అతిథికి ఇంత సంగటి, ఇంత ఊరిబిండి పచ్చడి పెట్టి, "తిను" అంటారు. తింటే తిన్నట్టు, లేకపోతే లేదు. ఇక్కడ అలా కాదు. దారి అడిగితే దారి చెప్పి, మజ్జిగ ఇచ్చి, మనం ఎవరి తాలూకో కనుక్కుని, మళ్ళీ వచ్చినప్పుడు భోజనానికి దిగమని ఒట్టు వేయించుకుని గాని వదలరు. "అయ్యో, అలా వెళ్ళిపోతారేంటండీ" అన్న మాట రెండు రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో. మొదట విసుగనిపించింది. తర్వాత అలవాటైంది. ఇంటికొచ్చాక ఎవరూ అనకపోతే వెలితిగా ఉందని ఒప్పుకుంటున్నాను.

రామచంద్రపురం దాటాక ఆటో ఎక్కాం. ఒక పక్క కాలవ, ఇంకో పక్క పచ్చటి దాళ్వా చేలు, అంటే రెండో పంట వరి. కొబ్బరి చెట్ల నీడలు రోడ్డు మీద పరుచుకున్నాయి. ఇంగ్రిడ్ ఒళ్ళో కాగితం పొట్లంలో పాకం కారిన కాజాలు, బ్యాగులో ఒక టేప్‌రికార్డరు, అగస్టా పాట ఉన్న క్యాసెట్టు.

ఊరి మొదట్లో మైకు

ఊరి పొలిమేరలో అరటి బోదెల ద్వారం కనబడింది. ఎవరింట్లోనో పెళ్ళి అనుకున్నాను. ఇంకాస్త ముందుకి పోయేసరికి మైకు కట్టిన ఆటో ఎదురైంది. "స్వీడన్ దేశం నుంచి మన గ్రామానికి విచ్చేసిన ప్రఖ్యాత నాట్యకళాకారిణికీ, మన ఊరి ఆణిముత్యం, ఒకనాటి నాట్యమణికీ ఈ సాయంత్రం హైస్కూలు ఆవరణలో ఘన సన్మానం" అని అరుస్తోంది. నాట్యమణి అని ఊరుకోకుండా అమ్మమ్మగారి పేరు ఇంటిపేరుతో సహా చదివారు. ఆవిడతో ఇంట్లో చడీచప్పుడు లేకుండా మాట్లాడదామని వస్తే ఇదేం గోల అనుకున్నాను.

వీర్రాజు గారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. తెల్లటి పంచె, ముఖం నిండా నవ్వు. "రండి రండి! మావాడు ఫోన్ చేసిన దగ్గర్నించీ ఇదే పనండి. శామియానా రామచంద్రపురం నుంచి తెప్పించానండి. ఊరికే వచ్చి ఊరికే వెళ్ళిపోతే మా ఊరి పరువేం కానండి?" అన్నారు.

"అమ్మమ్మగారు వస్తామన్నారా?" అని అడిగాను.

"రాకేంటండి! ఇన్నాళ్ళకి ఆవిణ్ణి గౌరవించుకునే అవకాశం వచ్చింది. సర్‌ప్రైజ్‌గా ఉండాలని ముందు చెప్పలేదండి" అన్నారు ఆయన, గర్వంగా.

ఆయన భార్య సుభద్ర గారు తలుపు దగ్గర నిలబడి ఈ మాటలు విన్నారు. ఆమె పెదవి బిగించిన తీరు చూసి, ఈ విషయంలో ఆ ఇంట్లో ఇదివరకే ఒక మాట నడిచిందనీ, ఆమె మాట నెగ్గలేదనీ నాకు అర్థమైంది.

సాయంత్రం సభ జరిగింది. వేదిక మీద రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో ఇంగ్రిడ్, రెండోది ఖాళీ. అమ్మమ్మగారు ఒంట్లో బాగాలేదని కబురు పంపి తలుపు వేసుకున్నారు. ఉపన్యాసాలు మాత్రం ఒంట్లో బాగానే ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒక వక్త స్వీడన్ గడియారాల నాణ్యతను ఆకాశానికెత్తారు. గడియారాలు స్విట్జర్లాండ్‌వని నేను ఇంగ్రిడ్ చెవిలో చెబితే, "ఫర్వాలేదు, పొగడనీ" అంది. ఆమెకు శాలువా కప్పారు, బంతిపూల దండ వేశారు, అద్దం పెట్టెలో నటరాజ విగ్రహం ఇచ్చారు. రెండో శాలువా మడతపెట్టినట్టే ఖాళీ కుర్చీ మీద ఉండిపోయింది. ఇంగ్రిడ్ దాని వంకే చూస్తూ కూర్చుంది. ఇంత దూరం వచ్చి ఇలా అయిందేమిటని నాకు ఏడుపొచ్చినంత పనైంది, వీర్రాజు గారి మీద కోపం కూడా వచ్చింది.

భోజనాల దగ్గర ఆయన ముఖం చూశాక ఆ కోపం నిలవలేదు. పనసపొట్టు కూర, ఆవ పెట్టిన పులుసు, గడ్డ పెరుగు, అన్నీ ఆయనే దగ్గరుండి వడ్డించారు, తను మాత్రం తినలేదు. "గౌరవించడమే కదండీ నేను చేసింది? తప్పేంటండి అందులో?" అన్నారు నాతో.

అప్పుడు మాట్లాడారు సుభద్ర గారు. "మైకులో పిలిస్తే ఎవరొస్తారండి? ఊళ్ళో అందరికీ తెలిసిందే ఆవిడ సంగతి. తెలిసినట్టు ఎవరూ అనకపోవడమే ఇన్నాళ్ళూ మర్యాదగా ఉంది. మనవరాలికి మొన్ననే కాకినాడ సంబంధం చేశారు. వాళ్ళకేం చెప్పారో ఏంటో. మీరేమో ఆటో పెట్టి అరిపించారు."

వీర్రాజు గారు చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయారు. "మరిప్పుడేం చెయ్యాలే?" అన్నారు.

"మీరేం చెయ్యకండి. అదే పదివేలు. రేపు మధ్యాహ్నం మగాళ్ళెవరూ ఇంట్లో ఉండకూడదు" అన్నారామె.

బొట్టు పెట్టి

తెల్లవారి స్నానం చేసి, సుభద్ర గారు పట్టుచీర కట్టుకుని కుంకుమ భరిణె చేతిలోకి తీసుకున్నారు. నన్నూ వెంట రమ్మన్నారు. దారిలో చెప్పారు: అత్తగారి కాలంలో అమ్మమ్మగారు ఆ ఇంటి పెళ్ళిళ్ళకి వచ్చేవారట. ఆడి, మంగళహారతి పాడి, బట్టలు పుచ్చుకుని వెళ్ళేవారు. కానీ పేరంటాళ్ళ వరసలో కూర్చోబెట్టి కాళ్ళకు పసుపు రాసి తాంబూలం ఇచ్చింది ఏనాడూ లేదు.

"నేనైనా ఇన్నేళ్ళలో పిలిచేనా అండి? లేదు. మా అత్తగారు పిలవలేదని నేనూ పిలవలేదు" అన్నారు, నడక ఆపకుండా.

మా వైపు కూడా పేరంటాలు ఉన్నాయి గాని, ఆ పిలుపుకి ఇంత బలం ఉందని నాకు తెలియదు. అమ్మమ్మగారి కూతురు తలుపు సగమే తీసింది. సుభద్ర గారు సంజాయిషీ చెప్పలేదు, నిన్నటి మాట ఎత్తలేదు. నేరుగా లోపలికి వెళ్ళి, మంచం మీద కూర్చున్న సన్నటి పెద్దావిడ నుదుట బొట్టు పెట్టి, "మధ్యాహ్నం మా ఇంటికి పేరంటానికి రండి" అన్నారు.

అమ్మమ్మగారు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నారు.

"బొట్టు పెట్టి పిలిచాక రానంటానేంటమ్మా" అన్నారు.

పేరంటం

మధ్యాహ్నం వీర్రాజు గారు భార్య చెప్పిన మాట విని చేలోకి వెళ్ళిపోయారు. హాల్లో ఎర్ర సిమెంటు గచ్చు మీద చాపలు పరిచారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. అమ్మమ్మగారు పాత నీలం చీర కట్టుకుని, కూతురి భుజం పట్టుకుని వచ్చారు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగారు. సుభద్ర గారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వరసలో మొదట కూర్చోబెట్టారు. పక్కన ఇంగ్రిడ్‌ని కూర్చోబెట్టారు.

తర్వాత పసుపు గిన్నె వచ్చింది. సుభద్ర గారు ముందు అమ్మమ్మగారి పాదాలకు రాశారు. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. ఇంగ్రిడ్ వంతు వచ్చేసరికి ఆమె పాదాలు వెనక్కి లాక్కుంది. ఎందుకో నాకు తెలుసు. బొటనవేళ్ళ మీద నిలబడి ఆడీ ఆడీ ఆ వేళ్ళు వంకర్లు తిరిగి, కణుపులు ఉబ్బి, గోళ్ళు నల్లబడి ఉంటాయి. ఆమె ఎప్పుడూ మేజోళ్ళు తొడిగే తిరిగేది. ఆ రోజు పేరంటం కదా అని విప్పింది.

అమ్మమ్మగారు ఒంగి చూశారు. చూసి, సుభద్ర గారి చేతిలో గిన్నె తీసుకుని, తానే ఆ పాదాన్ని ఒళ్ళోకి లాక్కున్నారు. వేళ్ళ మీద మెల్లగా పసుపు రాస్తూ, "ఎన్నేళ్ళు ఆడిందమ్మా ఈవిడ?" అని నన్ను అడిగారు.

"ఏడేళ్ళప్పటినుంచీ అండీ."

"నేనూ అంతే" అని తన చీర కొంచెం పైకి జరిపి చీలమండలు చూపించారు. గజ్జెలు ఒరుసుకున్న చోట చర్మం ఇప్పటికీ నల్లగా, గట్టిగా ఉంది. ఇంగ్రిడ్ దాన్ని వేలితో తాకింది. ఇద్దరూ ఒకరి పాదాలు ఒకరు చూసుకుని నవ్వారు. అక్కడ నా అనువాదం అవసరం పడలేదు.

శనగలు నముల్తూ అమ్మమ్మగారే అడిగారు, "ఏదో చూపిస్తుందట కదమ్మా?" అని. అసలు విషయం చెప్పాను. మన గుడి నర్తకి వేషం అని కాస్త మెల్లగానే చెప్పాను. ఆవిడ మాత్రం, "ఎవరి దగ్గర నేర్చుకుంది?" అని అడిగారు. ఇంగ్రిడ్ తన గురువు పేరు, ఆ గురువు గురువు పేరు చెబుతూ అగస్టా దాకా వెళ్ళింది. ప్రతి పేరుకీ అమ్మమ్మగారు తలూపారు. తనకు తెలిసినవాళ్ళ సంగతి వింటున్నట్టే విన్నారు.

ఇంగ్రిడ్ లేచి టేప్‌రికార్డరు మీట నొక్కింది. పాట అలా మొదలైందో లేదో కరెంటు పోయింది. వీధిలో పిండిమర చప్పుడు కూడా ఆగిపోయింది. బ్యాటరీలు ఎవరింట్లోనూ లేవు. "పాడుకోమనమ్మా. పాట రానివాళ్ళకి ఆటెందుకు?" అన్నారు అమ్మమ్మగారు. ఇంగ్రిడ్ ఎర్రబడి, సన్నటి గొంతుతో రాగం తీస్తూ మొదలుపెట్టింది. రెండోసారి తిరిగేసరికి అమ్మమ్మగారు తొడ మీద తాళం అందుకున్నారు.

నాకు నాట్యం గురించి ఏమీ తెలియదు. తెలిసింది చెబుతాను. ఆమె తల పైన చేతులు జోడించింది, పక్కకి ఒరిగింది, తిరిగింది, దూరంగా ఎవరో వస్తున్నట్టు పరుగెత్తి ఆగిపోయింది. మోకాలు నొప్పి పుట్టినచోట ముఖం చిట్లించింది. గచ్చు మీద పసుపు పాదాల ముద్రలు పడ్డాయి. ఆఖర్న ఇంకా ఎదురుచూస్తూనే మెల్లగా కిందికి కూర్చుంది.

"అడుగు" అంది ఇంగ్రిడ్ ఆయాసపడుతూ. అడిగాను.

"ఇది మా ఆట కాదమ్మా" అన్నారు అమ్మమ్మగారు.

నేను అనువదించాను. ఇంగ్రిడ్ తల దించుకుంది. తర్వాత మాట అడగడానికి నాకు ధైర్యం కావలసి వచ్చింది. "వెక్కిరించినట్టు అనిపించిందాండీ?"

"వెక్కిరించేవాళ్ళు ఇంత కష్టపడతారేంటి? ఆ దణ్ణం అలా ఎవరూ పెట్టరు. ఆ చేతులు మావి కావు. కానీ ఆవిడ గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది చూడు, వాడు రాడని తెలిసి కూడా ఇంకోసారి చూసింది. అలా ఎదురుచూడనివాళ్ళు అది చెయ్యలేరు. తను పడ్డదే చేసింది ఈ ఆట కట్టినావిడ." కొంచెం ఆగి, "ఆవిడ చివరికి ఏమైంది?" అని అడిగారు.

ఇంగ్రిడ్ చెప్పింది, నేను వెంట చెప్పుకుపోయాను. నలభై దాటాక అగస్టాను ఆట నుంచి తప్పించారు. చిన్న పింఛను ఇచ్చారు. వర్తకుల ఆడపిల్లలకు నడక, నమస్కారం నేర్పి బతికింది. చెల్లెలిని ఒక షావుకారు పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఇంట్లో విందులు జరిగినప్పుడు అక్కను దొడ్డిదారిన రమ్మనేవారు. చనిపోయాక వాళ్ళ స్థలంలోనే పాతిపెట్టారు గాని, రాయి మీద ఫలానా షావుకారు గారి వదిన అని మాత్రమే చెక్కించారు. ఆమె పేరు వెయ్యలేదు.

సుభద్ర గారు పసుపు గిన్నె వంక చూస్తూ కూర్చున్నారు.

"ఏదీ, ఆ పాట ఇంకోసారి అనమ్మా" అన్నారు అమ్మమ్మగారు ఇంగ్రిడ్‌తో, తెలుగులోనే. ఇంగ్రిడ్‌కి అర్థమైంది. రాగం అందుకుంది. అమ్మమ్మగారు లేవలేదు. కూర్చున్నచోటే చెయ్యి చెంపకు చేర్చి, గుమ్మం వైపు చూశారు. కనుబొమ ఒకటి లేచింది. వచ్చాడు. కాదు, ఎవరో. నవ్వి కప్పిపుచ్చుకున్నారు. ముంగురులు సర్దుకున్నారు. మళ్ళీ చూశారు. ఎనభై ఏళ్ళ ముఖంలో ఇరవయ్యేళ్ళ పిల్ల వచ్చి కూర్చుంది. నేను నిజంగానే వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాను. పక్కింటావిడ కూడా చూసింది. ఇంగ్రిడ్ ఏడుస్తూనే పాట ఆపకుండా పాడింది.

"మీ దగ్గర ఆ చేతులు నేర్చుకుని నావి మార్చుకోనా?" అని అడిగింది పాట అయ్యాక.

"మార్చొద్దు. అది ఆవిడ చేసింది, ఆవిడదిగానే ఉండనీ. మాదని మాత్రం చెప్పొద్దు. ఆడే ముందు ఆవిడ పేరు గట్టిగా చెప్పమనమ్మా, షావుకారు వదిన అని కాకుండా."

"చెబుతాను. మీ గురించి చెప్పవచ్చా?" అంది ఇంగ్రిడ్.

అమ్మమ్మగారు కూతురి ముఖం చూశారు. కూతురు తల వంచుకుంది. నిన్నటి మైకు మా అందరి చెవుల్లోనూ ఇంకా మోగుతోంది.

"ఆ ఊళ్ళో మా మనవరాలి అత్తారి వాళ్ళెవరూ ఉండరు కదా?" అని అడిగారు అమ్మమ్మగారు.

"ఉండరండీ" అన్నాను.

"అయితే చెప్పమను. ఇంటిపేరుతో సహా చెప్పమను. అమ్మమ్మగారని కాదు" అన్నారు ఆవిడ. అందరం నవ్వాం. ఆవిడ కూడా నవ్వి, పైటచెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. సుభద్ర గారు తాంబూలంలో రవికల గుడ్డ పెట్టి ఇచ్చి, ఒంగి కాళ్ళకు దణ్ణం పెట్టారు.

యానాం

అక్కడినుంచి యానాం వెళ్ళాం. ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు అంటే ఏదో ఊహించుకున్నాను. నాకు కనబడినవి ఎక్కువగా మందు దుకాణాలూ, పక్క ఊళ్ళనుంచి వచ్చి సంచులు నింపుకుంటున్న మగాళ్ళూ. మా సీమలో తాగేవాడు సిగ్గుపడుతూ తాగుతాడు. ఇక్కడ పెళ్ళి సామాన్లు కొన్నంత ధీమాగా కొంటున్నారు. ఇంగ్రిడ్ ధరలు చూసి, "మా దేశంలో ఈ డబ్బుకి మూత కూడా రాదు" అంది. ఒక సీసా కొనుక్కుంది. నేను చూడనట్టే ఉన్నాను.

గౌతమి ఒడ్డున బెంచీ మీద కూర్చుని, కొబ్బరిబోండాలు తాగుతూ, ఇంగ్రిడ్ అమ్మమ్మగారి పేరు పలకడం నేర్చుకుంది. ఇంటిపేరు మొదట రాలేదు. నేను సరిదిద్దాను. చివర గారు అనాలి అన్నాను. బోండాలవాడు మా వంక వింతగా చూశాడు. చీకటిపడే వేళకి ఆమె తడబడకుండా చెప్పింది. నాకు కడుపు నిండినట్టయింది.

ఆ శరత్కాలంలో ఇంగ్రిడ్ నాకు ఫోన్ చేసింది. ఆడానంది. తెర తీసేముందు రెండు పేర్లు చెప్పిందట, మొదట అగస్టాది, తర్వాత అమ్మమ్మగారిది. సరిగ్గా పలికావా అని అడిగాను. ఫోన్‌లోనే పలికి వినిపించింది, ఇంటిపేరూ గారూ ఏదీ వదలకుండా. ఆ కబురు నేను సుభద్ర గారికి చేరవేశాను, ఆమె వెళ్ళి చెప్పి వచ్చారు. "అంతమందిలోనూ చెప్పిందా?" అని ఒక్కసారి కాదు, చాలాసార్లు అడిగారట అమ్మమ్మగారు.

ఇంత రాసి ఆ పేరు రాయలేదేమని మీరు అడుగుతారు. కాకినాడలో ఆ మనవరాలి అత్తవారు తెలుగు చదువుతారు. ఆ పేరు తెలుసుకోవాలంటే ప్రస్తుతానికి స్టాక్‌హోం వెళ్ళి ఎవరినైనా అడగాలి.